బండలాగుడు బరిలో గిత్తలు ఎందుకు పడిపోయాయి: ఒక పశువైద్యుడి కేస్ స్టడీ

ఈ కేసు ప్రకాశం జిల్లాలో, గుండ్లకమ్మకు దగ్గరగా ఉన్న ఒక ఊరిది. ఊరి పేరు, కమిటీ వాళ్ళ పేర్లు, ఎడ్ల యజమానుల వివరాలు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు సంగతులు మార్చాను.

నేను పశువైద్యుడిని. ఉద్యోగం తొలినాళ్ళలో కొన్నేళ్ళు ఒక రేసు క్లబ్బులో గుర్రాల డాక్టరుగా చేసి, ఆ తర్వాత సొంత జిల్లాకు వచ్చేశాను. అక్కడ నేర్చుకున్న భద్రతా పద్ధతుల్లో మన ఎడ్లకు పనికొచ్చేవి ఏవి, పనికిరానివి ఏవి అన్నది ఈ కేసులో బాగా తేలింది. ఇంకో సంగతి కూడా తేలింది. చుట్టూ కాసే డబ్బును పట్టించుకోకుండా జంతువు భద్రత గురించి ఎంత చేసినా సగం పనే అవుతుంది.

నేపథ్యం

ఆ ఊళ్ళో ఏటా తిరునాళ్ళకు ఒంగోలు జాతి గిత్తలకు బండలాగుడు పోటీలు పెడతారు. గిత్త వయసును పళ్ళతో లెక్కగట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్, సీనియర్ అంటూ విభాగాలు ఉంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన సమయంలో జత బండను బరి ఈ కొస నుంచి ఆ కొసకు లాగి, తిరిగి, మళ్ళీ వెనక్కి లాగుతుంది. మొత్తం ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతులు ఇస్తారు.

ఈ గిత్తల్ని యజమానులు కన్నబిడ్డల్లా సాకుతారు. ఉలవలు ఉడకబెట్టి పెడతారు, రోజూ నడిపిస్తారు, ఒళ్ళు మర్దన చేస్తారు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, బరిలో గిత్త పడిపోతే యజమానికి ప్రేమ లేదని బయటివాళ్ళు తేల్చేస్తారు. ఆ ఊళ్ళో నేను చూసింది అది కాదు.

సమస్య

అంతకుముందు వరసగా రెండేళ్ళు ప్రమాదాలు జరిగాయి. ఒక ఏడాది ఆరు పళ్ళ విభాగంలో ఒక గిత్త వెనక కాళ్ళు రెండువైపులా జారి, తుంటి కీలు తొలగిపోయింది. అంత బరువున్న పశువుకు అలా జరిగితే మళ్ళీ లేచి తిరగడం చాలా కష్టం. మరుసటి ఏడాది మధ్యాహ్నం ఎండలో ఒక గిత్త నోరు తెరిచి రొప్పుతూ కూలబడింది. నీళ్ళు పోసి బతికించారు కానీ, ఆ తర్వాత అది కాడి కిందకు రాలేదు. ఆ రోజే జనంలో డబ్బు గొడవ ముదిరి కొట్లాట అయింది. ఇకపై భద్రత ఏర్పాట్లు రాసి చూపిస్తే తప్ప అనుమతి ఇవ్వమని అధికారులు చెప్పేశారు.

కమిటీ నన్ను పిలిచింది అప్పుడే. వాళ్ళు అడిగింది చిన్న సాయం: "డాక్టరుగారూ, మీరు మందుల పెట్టె తీసుకొని బరి పక్కన కూర్చుంటే చాలు." పడ్డాక చూసే డాక్టరు అవసరమే. కానీ గుర్రప్పందేల్లో డాక్టరు పని పందేనికి ముందే మొదలవుతుంది. గుర్రం నడక తేడాగా ఉంటే స్టార్టింగ్ గేటు దగ్గర కూడా దాన్ని పందెం నుంచి తప్పించే అధికారం అతనికి ఉంటుంది. అదే అధికారం నాకూ రాసి ఇవ్వాలని, సర్కారు అనుమతి కాగితం చేతికి రాకుండా బరి తెరవకూడదని రెండు షరతులు పెట్టాను. చాలాసేపు చర్చించుకొని ఒప్పుకున్నారు.

నేను రావడం అనుమతితో సమానం కాదని కూడా వాళ్ళకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. జంతువులను కొట్టడం, శక్తికి మించి తోలడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. 2014 మే 7న జల్లికట్టు, ఎడ్లబండి పందేలను నిషేధిస్తూ సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు, ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలు, వాటిని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించడం, ఇదంతా కమిటీ పెద్దలకు టీవీలో చూసిన మేరకు తెలుసు. "కోర్టు ఒప్పుకుంది గదా" అనేవాళ్ళు. కోర్టు ఒప్పుకున్నది ఆ మూడు రాష్ట్రాలు షరతులు పెట్టి రాసుకున్న చట్టాలను. షరతులు లేని పోటీకి ఆ తీర్పు గొడుగు పట్టదు. అనుమతి పని కమిటీ తరఫు వకీలు చూసుకున్నారు. ఆయన దరఖాస్తుకు నా భద్రతా ప్రణాళికను జతచేశారు.

ముందు వీడియోలు చూశాను

ప్రణాళిక రాసే ముందు, పాత పోటీల వీడియోలు ఎవరి ఫోన్లలో ఉంటే వాళ్ళని పంపమన్నాను. బోలెడు వచ్చాయి. వాటిని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూస్తే మూడు సంగతులు కనబడ్డాయి.

జారిపోవడం ఎక్కువగా బరి కొసల్లో, మలుపు తిరిగేటప్పుడు జరుగుతోంది. తిరిగేటప్పుడు గొలుసు వదులవుతుంది. తోలేవాళ్ళు టైం పోతోందని తొందరపెడితే జత ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది, గొలుసు బిగుసుకొని బండ వెనక్కి గుంజుతుంది. ఆ క్షణంలో బయటివైపు గిత్త వెనక కాళ్ళ మీద మొత్తం బరువు అడ్డంగా పడుతుంది. కింద నేల నున్నగా ఉంటే కాలు నిలవదు.

ఇక నేల. ఆ ప్రాంతంలో నల్లరేగడి. ఎండకు పగుళ్ళిచ్చి గట్టిపడుతుంది, తడిపితే సబ్బులా జారుతుంది. కమిటీ దుమ్ము అణగడానికి ఉదయం ట్యాంకర్‌తో నీళ్ళు కొట్టించేది. పైపొర బురద, కింద రాయిలాంటి నేల.

మూడోది నన్ను చాలాకాలం ఆలోచనలో పడేసింది. దెబ్బలు ఎక్కువగా తిన్నవి గెలుపు దగ్గరలో ఉన్న జతలు కావు. అప్పటికే వెనకబడి, ఏ బహుమతికీ అందని జతలను చివరి నిమిషంలో విపరీతంగా కొట్టారు. ముల్లుకర్ర కూడా వాడారు. బహుమతి రాదని తోలేవాడికి తెలుసు, యజమానికీ తెలుసు. మరి ఎందుకు కొట్టినట్టు?

వీడియోలో బరి అంచున నిలబడ్డ మనుషుల్ని చూడండని ఒక పాత తోలేవాడు నాకు చెప్పాడు. "ఆళ్ళు వేళ్ళు చూపిస్తన్నారు చూడండి సార్. ఆ జెండా దాటుద్దా, దాటదా అని కాసుకుంటారు." బరి పొడవునా నిర్ణీత దూరాల్లో జెండాలు పాతేవాళ్ళు. మైకులో ఎన్ని అడుగులైంది, ఎంత టైం మిగిలింది అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళు. ఆ లెక్కల మీద అప్పటికప్పుడు పందేలు నడిచేవి. ఫలానా జెండా దాటితే తోలేవాడికీ కొంత ముట్టేది. అలసిపోయిన గిత్త వీపు మీద పడే దెబ్బ ఆ జెండా కోసం.

మొదటి ఏడాది చేసినవి

నేల మీద ఇసుక పోయించాం. రేసు ట్రాకుల మీద మెత్తదనం కోసం చేసే పనులు చూసినవాళ్ళెవరికైనా మొదట తట్టేది అదే. గుర్రం ట్రాకును తేలిగ్గా తాకి లేస్తుంది. బండ లాగే గిత్త డెక్కను నేలలో నాటి, దాన్ని ఆధారం చేసుకొని తోస్తుంది. లోతు ఇసుకలో డెక్క కూరుకుపోయి ప్రతి అడుగుకూ శ్రమ పెరిగింది. ఇసుక పలచగా ఉన్నచోట గట్టి నేల మీద గింజలు దొర్లి ఇంకా జారింది. మధ్యాహ్నానికల్లా ఆ ఇసుకంతా గోకి తీయించేశాం.

గుర్రాలకు వాడే గుండె వేగం కొలిచే బెల్టులు తెచ్చి నాలుగు జతలకు కట్టించాం. ఈ రంగంలో కొత్త పరికరాలు చాలా వచ్చాయి. అమెరికాలో శాంటా అనిటా ట్రాకులో 2019లో గుర్రాలు వరసగా చనిపోవడంతో పెద్ద అలజడి రేగింది. 2020లో అక్కడ జాతీయ స్థాయి చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడ్డ సంస్థ పెట్టిన ట్రాకు భద్రతా నిబంధనలు 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. గుర్రాన్ని పడుకోబెట్టకుండా, నిలబెట్టి ఉంచే కాలి ఎముకలను పెట్ స్కాన్ (ఎముక లోపలి దెబ్బను పసిగట్టే స్కానింగ్) చేయడం, పరుగులో నడక తేడాను పసిగట్టే సెన్సర్లు, ఇవన్నీ అక్కడ ప్రాణాలు కాపాడే పనిలోనే ఉన్నాయి. ఆ స్ఫూర్తితోనే బెల్టులు తెప్పించాను. ఎద్దు ఛాతీ ఆకారానికి, ఊగే గంగడోలుకు అవి సరిగా అంటుకోలేదు, రీడింగులు గెంతాయి. అది సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరు. అందరికీ అవగాహన రావాలని ఆ అంకెలను తెర మీద చూపించారు. గంట తిరిగేసరికి జనం ఆ అంకెల మీద కూడా పందెం కాయడం మొదలుపెట్టారు. ఎద్దు ఎంత అలసిందో తెలిపే అంకె, అది పడుతుందా పడదా అనే పందేనికి ముడిసరుకైంది. తెర వెంటనే ఆపించాను.

పందేలు కాయొద్దని మైకులో చెప్పించాం. పోలీసులు వచ్చి ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్ళారు. మిగిలినవాళ్ళు టీ బంకు దగ్గరికి, వాట్సాప్ గ్రూపులోకి మారారు.

ఆ ఏడాది ఎవరికీ పెద్ద గాయం కాలేదు. కమిటీ సంతోషించింది. నేను దాన్ని విజయంగా లెక్కవేయలేదు. చివరి నిమిషం కొట్టుడు అలాగే ఉంది. జారే ప్రమాదం అలాగే ఉంది. ఏదో కలిసొచ్చింది, అంతే.

చట్టం గురించి ఒక వాదన

మరుసటి ఏడాది ప్రణాళిక కోసం కూర్చున్నప్పుడు కమిటీ పెద్దాయన ఒకరు చాలా కోపంగా అడిగారు. "ఏంది డాక్టరుగారూ, గుర్రాల మీద కాస్తే గవర్నమెంటే పన్ను కట్టించుకుంటది. మా ఎడ్ల మీద కాస్తే లాక్కుపోతారు. ఇదెక్కడి న్యాయం?"

ఆ ప్రశ్నకు గట్టి జవాబు ఇవ్వాలనిపించింది. ఎందుకంటే ఊళ్ళో చాలామంది మనసులో అదే ఉంది. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పిన మాట నిజమే. దాన్ని పట్టుకొని గుర్రం మీద ఎక్కడ, ఎలా కాసినా ఫర్వాలేదనుకుంటే పొరపాటు. 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ (జూదం) చట్టం గుర్రప్పందేనికి ఇచ్చిన మినహాయింపు చాలా ఇరుకైనది. పందెం జరిగే రోజునే కాయాలి. ప్రభుత్వ సమ్మతితో స్టీవార్డులు (రేసును పర్యవేక్షించే అధికారులు) కేటాయించిన ఆవరణలోనే కాయాలి. లైసెన్సు ఉన్న బుకీతో గానీ, టోటలైజేటర్ (అందరూ కాసిన డబ్బును కలిపి గెలిచినవాళ్ళకు పంచే ఏర్పాటు) ద్వారా గానీ కాయాలి. ఇందులో ఏది తప్పినా అది జూదమే. ఫోన్లో హైదరాబాద్ రేసు మీద కాసిన ఒంగోలు మనిషికి కూడా ఆ మినహాయింపు దొరకదు. 2020లో రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా దాని పరిధిలోకి తెచ్చింది. ఇక పన్ను అంటారా, 2023 అక్టోబర్ 1 నుంచి కాసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. గేమింగ్ చట్టం ఇచ్చిన ఆ మినహాయింపులో మాత్రం ఎద్దు పేరు ఎక్కడా లేదు.

పెద్దాయన ఊరుకోలేదు. "అంటే డబ్బున్నోళ్ళ ఆటకి గేటు తెరిచి, రైతు ఆటకి మూశారు."

ఆ బాధలో నిజం లేదని నేను అనలేను. అయితే ఆ గేటు లోపల ఏముందో చూడమన్నాను. అక్కడ పందెం నడిపేవాళ్ళకు, గుర్రం యజమానికి, డాక్టరుకు మధ్య గోడలుంటాయి. స్టీవార్డులు విచారణ చేస్తారు, రేసు మొత్తం కెమెరాల్లో ఉంటుంది, మందుల పరీక్షకు నమూనాలు తీస్తారు. డబ్బును ఒప్పుకున్నచోట కూడా ఆ డబ్బు గుర్రం మీదకు, జాకీ మీదకు రాకుండా ఆపడానికే అంత యంత్రాంగం. మన బరిలో పందెం కాసేవాడు తోలేవాడికి చేయి చాచేంత దూరంలో నిలబడుతున్నాడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాను. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెం డబ్బు రాలేదని కోర్టుకెళ్ళి వసూలు చేసుకోలేరు. ఆ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు కూడా 500 రూపాయలు, ఆపైన విలువున్న గుర్రప్పందెం బహుమతికి వేసుకునే చందాలకే. కోర్టు దారి లేనప్పుడు వసూలు కర్రలతో జరుగుతుంది. మీ తిరునాళ్ళలో కొట్లాట వచ్చింది అందుకే అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "సరే, ఏం చేద్దామో చెప్పండి" అన్నారు.

పని చేసినవి

నేలతో మొదలుపెట్టాం. పోటీకి కొన్ని వారాల ముందే బరిని దున్నించి, చదును చేయించి, ఎర్ర గ్రావెల్ పరిపించి, తడిపి రోలర్‌తో అణిచాం. నీళ్ళు పోటీ ముందు రోజు సాయంత్రమే పెట్టాలని, ఉదయం పైన తడి చేయకూడదని రాసుకున్నాం. మన దేశంలో రేసు క్లబ్బులు పందెం రోజు పెనెట్రోమీటర్‌తో నేల గట్టిదనం కొలిచి ప్రకటిస్తాయి. మా దగ్గర ఆ పరికరం లేదు. ఒక మొనదేలిన ఇనుప కడ్డీని ఒకే ఎత్తునుంచి బరిలో చాలాచోట్ల వదిలి, ఎంత దిగిందో గుర్తు పెట్టుకున్నాం. కచ్చితమైన కొలత రాకపోయినా, బరి అంతా ఒకేలా ఉందా లేదా అన్నది తెలిసిపోతుంది. నా అనుభవంలో మెత్త నేల, గట్టి నేల రెండింటికంటే, ఒకచోట మెత్తగా ఒకచోట గట్టిగా ఉండే నేలే కాళ్ళకు ఎక్కువ చేటు.

మలుపు దగ్గర గడియారం ఆపాలన్న ప్రతిపాదన తోలేవాళ్ళ నుంచే వచ్చింది. జత కొస చేరగానే టైం ఆగుతుంది, తిరిగి గొలుసు నెమ్మదిగా బిగుసుకున్నాక మళ్ళీ మొదలవుతుంది. తొందర లేకపోయేసరికి ఆ ఉదుటు దూకుడు పోయింది. ఇన్నాళ్ళూ పరికరాల కోసం వెతికిన నాకు, ఒక స్టాప్‌వాచీ బటన్ ఇంత పని చేస్తుందని వాళ్ళే చూపించారు.

మధ్యాహ్నం విరామం పెట్టాం. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పశువులతో బరువు లాగించకూడదని 1965 నాటి నియమాలు చెబుతున్నాయి. ముల్లుకర్రను కూడా అవే నిషేధించాయి. కొత్త నియమం అని చెప్పకుండా, ఎప్పటి నుంచో ఉన్న నియమం అని చెప్పడంతో వాదన తగ్గింది.

ముందస్తు పరీక్షలో ప్రతి గిత్తనూ గట్టి నేల మీద నడిపించి, తిప్పి, కీళ్ళు, డెక్కలు, మెడ మీద కాడి పుండ్లు చూశాను. జ్వరం కొలిచాను. 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే బరిలోకి లేదు. మొదటి ఏడాది ఇదే పరీక్షను యజమానులు తప్పించుకోజూశారు. కుంటుతున్న గిత్తను చివరి నిమిషంలో తెచ్చేవాళ్ళు. దానికి కారణం వెతికితే డబ్బే కనబడింది. లారీ కిరాయి, మేత, ఎంట్రీ ఫీజు అన్నీ పెట్టుకొని అంతదూరం వచ్చాక డాక్టరు వద్దంటే అంతా నష్టం. టోటలైజేటర్‌లో గుర్రం పందేనికి ముందే తప్పుకుంటే దాని మీద కాసిన డబ్బు మామూలుగా తిరిగి ఇచ్చేస్తారు. తప్పుకోవడానికి భయం ఉండదు. అదే ఆలోచనతో, డాక్టరు ఆపిన జతకు ఎంట్రీ ఫీజు వాపసు, లారీ కిరాయి కమిటీ ఖర్చు అని పెట్టాం. ఆ ఏడాది ఇద్దరు యజమానులు తమంతట తామే వచ్చి, "సార్, ఎందుకో కాలు ఈడుస్తంది, ఒకసారి చూడండి" అన్నారు. నాకు ఈ కేసు మొత్తంలో అతి విలువైన మాట అదే.

పడిపోయిన గిత్త విషయంలోనూ ఇదే సూత్రం. ఇంతకుముందు పడితే లేచేదాకా కొట్టేవాళ్ళు, టైం నడుస్తూ ఉంటుంది కాబట్టి. ఇప్పుడు ఒక్కసారి మోకాళ్ళ మీద పడితే ఆట అక్కడే ఆగుతుంది, అప్పటిదాకా లాగిన దూరం లెక్కలోకి వస్తుంది. బహుమతుల్ని కూడా మార్చాం. మొదటి బహుమతి తగ్గించి, ఆ డబ్బును కింది స్థానాలకు పంచాం.

అన్నిటికంటే కష్టపడి ఒప్పించింది జెండాలు తీసేయడం. మైకులో అడుగుల లెక్క చెప్పడం ఆపాం. గడియారం తోలేవాళ్ళకు, న్యాయనిర్ణేతలకు మాత్రమే కనబడేలా తిప్పాం. దూరాన్ని జత ఆట ముగిశాక లేజర్ కొలతతో, ఇరుపక్షాల ముందు కొలిచి ప్రకటించాం. "మజా పోద్ది" అని కుర్రాళ్ళు గొడవ చేశారు. కొంత పోయింది కూడా. అయితే క్షణాల మీద కాసే పందేనికి కావాల్సింది ఆ క్షణపు లెక్క. అది దొరక్కపోయేసరికి జెండా పందేలు దాదాపుగా ఆగిపోయాయి. తాడు కట్టిన హద్దును రెండు వరుసలు చేసి, జనాన్ని బరికి దూరంగా జరిపాం. తోలేవాళ్ళ ఫోన్లు లోపలికి వెళ్ళే ముందు కమిటీ దగ్గర పెట్టించాం.

మొదటి స్థానం ఎవరిదన్న దాని మీద పందేలు ఆ ఏడాదీ నడిచాయని విన్నాను. అవీ చట్టవిరుద్ధమే, వాటిని నేను సమర్థించను. కానీ డాక్టరుగా నాకు రెండింటికీ తేడా ఉంది. గెలుపు మీద కాసిన పందెం, ఓడిపోతున్న జతను కొట్టించదు. జెండా మీద కాసిన పందెం కొట్టిస్తుంది. అందుకే ఉన్న కొద్ది బలగాన్ని ముందు దాని మీద పెట్టాం. ఆ ఏడాది వీడియోల్లో వెనకబడిన జతలు చివరి నిమిషంలో నిదానంగా నడుస్తూ ఆట ముగించాయి. ఒక గిత్త మోకాళ్ళ మీద పడింది, ఆట ఆపాం, నిమిషంలో దానంతటదే లేచింది.

ఇంకా మిగిలింది

నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేసి తెచ్చే గిత్తల సంగతి తేలలేదు. నొప్పి మందు వేస్తే నడకలో కుంటు కనబడదు, నా పరీక్ష దాటేస్తుంది, బరిలో ఆ కాలే విరుగుతుంది. రేసు క్లబ్బుల్లో మూత్రం, రక్తం నమూనాలు ల్యాబుకు పోతాయి. ఊరి తిరునాళ్ళకు ఆ ఖర్చు భరించే శక్తి లేదు. ప్రస్తుతానికి, వారం రోజుల్లో ఏ మందు వేయించారో యజమానితో, వైద్యం చేసిన డాక్టరుతో సంతకం చేయించుకుంటున్నాం. కొందరు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి తెచ్చారు, వాటిని వెనక్కి పంపాం. గెలిచిన మొదటి రెండు జతల నమూనాలైనా పరీక్షకు పంపాలని కమిటీని అడిగాను. చందాల్లోంచి ఆ డబ్బు పక్కన పెట్టడానికి పెద్దాయనే ముందుకొచ్చారు. నమూనా ఎవరు తీయాలి, ఎవరి ముందు సీలు వేయాలి, ఫలితం వచ్చేదాకా బహుమతి డబ్బు ఎవరి దగ్గర ఉండాలి అన్నదాని మీద ఇప్పుడు నియమాలు రాస్తున్నాం.